కొండముచ్చులు చేనుకొచ్చాయి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. నీ పిల్లల కోసం మీ ఇంట్లోనే ఉంటున్నాను.

పోచారం అడవికి మనం బీడీల తునికాకు కోయడానికి వెళ్లినప్పుడు కొండముచ్చులు చెట్ల పైనుంచి తునికి పండ్లు రాల్చేవి. "పైన అవి తింటయి, కింద మనం తింటం" అని నవ్వేదానివి. ఊళ్లో ఇళ్ల మీద పడేవి ఎర్రమూతి కోతులే. కొండముచ్చులు అడవి దాటి రావడం మనం ఎన్నడూ చూడలేదు. వరసగా వానలు లేక వాగులు ఎండాయి, తునికి చెట్లు కాపు మానేశాయి. రేడియో మాత్రం రోజూ వాన పడుతుందంటుంది. మొన్నామధ్య కొండముచ్చుల మంద మీ మక్కచేనులో దిగింది. వాటిలో పిల్లలున్న తల్లులూ ఒకటో రెండో ఉన్నాయి.

బావ వాటికి పెట్టడానికి ఎల్లారెడ్డి అంగడి నుంచి పురుగుల మందు తెచ్చాడు.

"చేను పోతే పిల్లలకేం పెడుదం?" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అయినా ఆయన చేతిలోంచి మందు డబ్బా తీసేసుకున్నాను.

"అక్క ఉంటే పెట్టనిచ్చునా, బావా?"

మర్నాడు ఆయనే ఎడ్లు నీళ్లు తాగే గోలేన్ని అడవి వైపు గట్టు మీదికి చేర్చి, బావిలో మిగిలిన నీళ్లు తోడి నింపాడు. అవి వచ్చి తాగాయి. ఆ పక్క మక్క వాటికే వదిలేశాడు.

కొన్నాళ్లుగా అవి రావడం లేదు. వాన పడలేదు, అడవిలో నీళ్లూ లేవు. "యాడికి పోయినయో" అంటూ బావ మాటిమాటికీ గట్టెక్కి చూస్తున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. అన్నం చల్లారుతోంది, పిలవడానికి వెళ్తున్నాను.

నీ చెల్లె