టీ పూట లెక్కలోకి రాదు

కమిసావా
1974 ఫిబ్రవరి 9

ప్రియమైన ప్రొఫెసరు షుంపెయి గారికి,

మీ అక్క ఏడాది కార్యం అయిపోయింది. చలికి తట్టుకోలేక పూజారి సగం మంత్రాలు మింగేశాడు. నువ్వు పంపిన పూలు కార్యం అయ్యాక వచ్చాయి, గడ్డకట్టుకుపోయి. మంచుకి రైళ్లు ఆగాయట. నువ్వు రాకపోవడానికి కూడా రైళ్లే కారణం అనుకుని ఊరుకున్నాను.

రాస్తున్నది అందుకు కాదు. మన తొమీకి కడుపులో నొప్పి. అన్నం తిన్నాక పక్కటెముకల కింద చెయ్యి అదిమిపెట్టుకుని కూర్చుంటోంది. కడుపు క్యాన్సరుతో పోయేముందు వాళ్లమ్మ కూడా సరిగ్గా అక్కడే పెట్టుకునేది చెయ్యి. పట్నం ఆసుపత్రికి పోదాం పదమ్మా అంటే నీ మేనకోడలు నాతో ఏమందో తెలుసా?

"ఉప్పు తక్కువ తినేవాళ్లకి ఆ జబ్బు రాదు నాన్నా. మావయ్య పుస్తకంలో రాశాడుగా!"

"మరి మీ అమ్మకి?"

"అమ్మది ఖర్మ. నీకు మావయ్యంటే పడదు, అంతే."

కొత్తగా వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఒబరాని అడిగాను, కడుపు ఎక్స్‌రే తీసే బస్సు మా ఊరెప్పుడొస్తుందని. "మీ ఊరు ఉప్పు తక్కువ తినే ఊరు కదండీ మాష్టారూ. బస్సు ముందు ఎక్కువ తినే ఊళ్లకే పోతుంది" అంది. ఎవరు చెప్పారమ్మా అంటే "మీ బావమరిదిగారే కదండీ!" అని నవ్వింది. చిన్నపిల్ల. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

ఇరవై ఏళ్ల కిందట నువ్వు విశ్వవిద్యాలయం వాళ్లని వెంటబెట్టుకొచ్చావు. ప్రతి ఇంట్లో మూడు పూటలా వండినదాంట్లో ఒకరి వంతు పళ్లెం అదనంగా పెట్టి మీకిమ్మన్నావు. మీ అక్క ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లని ఒప్పించింది. పళ్లేలు మోసింది తొమీ. అన్నం, చారు, చేప, కూర, అన్నీ రుబ్బి ఉప్పెంతో లెక్కగట్టారు. ఉత్తరాది కొండల్లో ఉప్పు తక్కువ తినే ఊరు ఇదొక్కటే అని పట్టిక వేసి తేల్చి నువ్వు పెద్దవాడివయ్యావు.

పొద్దున పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ కుంపటి చుట్టూ కూర్చుని టీతో పాటు గిన్నెడు ఊరగాయ ఖాళీ చేస్తారే, పొగబెట్టిన ముల్లంగి, ఉప్పులో ఊరిన వంకాయ, పైన మళ్లీ సోయా రసం, అది ఏ పళ్లెంలో పెట్టారు? ఎందులోనూ పెట్టలేదు. ఈ ఊళ్లో దాన్ని తిండి అనరు. ఏం తిన్నావని అడిగితే "ఏమీ తినలేదు, టీ తాగాను" అంటారు. నువ్వు తిండి అడిగావు, వాళ్లు తిండి ఇచ్చారు. బయటివాడైతే మొదటిరోజే ఆ గిన్నె చూసి ఇదేమిటని అడిగేవాడు. నువ్వు ఈ ఊళ్లో పుట్టినవాడివి కాబట్టి నీకది కనబడలేదు.

ఏ ఊళ్లకి బస్సు పంపాలో మార్చి చివర జిల్లాలో నిర్ణయిస్తారు. ఈలోగా నీ పట్టిక తప్పని వాళ్లకి రాయి. తొమీకీ రాయి. అది నా మాట వినదు, నీ మాట వింటుంది.

నీ అక్క మొగుడు,
తొగాషి గెన్జో


టోక్యో
ఫిబ్రవరి 20

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

తొమీ సంగతి చదివి దిగులు పడ్డాను. వెంటనే పట్నంలో చూపించండి. నేను చెప్పానని చెప్పండి.

ఇక పట్టిక మాట. ఉత్తరాదిన ఉప్పూ ఎక్కువే, కడుపు క్యాన్సరూ ఎక్కువే. దక్షిణాది దీవుల్లో రెండూ తక్కువే. ఒక ప్రాంతం తినే పాలు, పచ్చి కూరలు, తాజా చేపలు కూడా చూడాలి, ఉప్పు ఒక్కటే కాదు. ఇంత పెద్ద లెక్కలో కమిసావా ఒక చిన్న గడి. దాన్ని పట్టుకుని మరెందరో తమ పరిశోధనలు కట్టుకున్నారు. టీ పూట ఏదో కొరికారని మీరు ఉత్తరం రాశారు కాబట్టి దాన్ని పీకేస్తే రేపు నన్నెవరు నమ్ముతారు? మేలో నా పదవీ విరమణ సభ. అందులో నేను మాట్లాడబోయేది ఆ సర్వే గురించే.

చిన్న ఊళ్లో కొన్ని చావులు దేన్నీ రుజువు చెయ్యవు బావగారూ. అక్క పోయిన బాధలో మీరిలా ఆలోచించడం సహజమే. పుస్తకాలు చదివే అలవాటున్న మీకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

మీ బావమరిది,
మొన్మా షుంపెయి


కమిసావా
మార్చి 6

ప్రియమైన చిన్న గడి లెక్కలవాడికి,

రుజువు కావాలన్నావు. బడిలో పిల్లలకి కొలతలు నేర్పిన తక్కెడ నా దగ్గరింకా ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని హత్సు ఇంటికి మూడింటి టీకి వెళ్లాను. నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు, తొమీతో సహా. ఊరగాయ గిన్నె తక్కెడలో పెట్టేసరికి హత్సు నోరు తెరిచింది.

"మాష్టారూ, అమ్ముకోడానికా?"

"కాదమ్మా, మీరెంత తింటారో చూద్దామని."

"తినడమేమిటి? టీయే కదా తాగుతోంది!" అని తలా ఒక ముక్క తీసుకున్నారు. ఆ ఒక్క ముక్క మళ్లీ తలా ఒక ముక్క అయింది. టీ పోశారు, నా మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు, పాలవాడి రెండో పెళ్లి గురించి చెప్పుకున్నారు. కెటిల్ ఖాళీ అయ్యేసరికి గిన్నెలో మిగిలింది ఉప్పునీళ్లు. ఆ నీళ్లు కూడా హత్సు అత్తగారు టీలో పోసుకు తాగింది. నువ్వు రుబ్బిన మూడు పూటల పళ్లెంలో ఉన్నంత ఉప్పు ఆ ఒక్క కెటిల్‌తోనే ఒక్కొక్కరి లోపలికి పోయింది. వెంట తీసుకెళ్లిన ఒబరా చేత అక్కడికక్కడే కట్టించిన లెక్క వెనకపేజీలో రాశాను, నమ్మకపోతే నువ్వే కట్టుకో.

ఆ మాట అక్కడే పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అంటే మేం విశ్వవిద్యాలయానికి అబద్ధం పెట్టామా?" అంది హత్సు.

"మాష్టారికి ఈ ఊరి మంచి కంటపడదు" అంది ఇంకొకావిడ. "టోక్యోవాళ్లు మన ఊరిని ఒక్కసారి మెచ్చుకున్నారు. అదీ ఓర్వలేకపోతే ఎలా?"

నీ పట్టికకి అద్దం కట్టించి సంఘం హాలులో వేలాడదీశారని నీకు తెలుసా? దాని కింద కూర్చునే ముల్లంగికి ఉప్పేస్తారు.

తొమీ నాతో పాటు ఇంటిదాకా వచ్చింది. వాకిట్లో వంగి మంచు మీద కక్కింది. ఆ కక్కిందాన్ని కాలితో మంచు తోసి కప్పేసింది, నేను చూడకూడదని. నేను చూశాను. నల్లగా ఉంది.

"పట్నం పోదాం పదవే" అన్నాను.

"మావయ్య తప్పు రాశాడని మావయ్యే చెప్పాలి. అప్పుడు వస్తా" అంది. మొండితనం మీ వంశంది.

నీ సభ గొప్పగా జరగాలి. అందులో ఈ వాకిలి గురించి కూడా రెండు మాటలు చెప్పు.

గెన్జో


టోక్యో
మార్చి 15

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం చదువుతుండగా పనిమనిషి టీ తెచ్చింది. పక్కనే గిన్నె. తొమీ ప్రతి శీతాకాలం పంపే ముల్లంగి. ఇరవై ఏళ్లుగా రోజూ తింటున్నాను. మొన్న విశ్వవిద్యాలయం డాక్టరు ఏం తింటారని అడిగితే, అన్నం కొంచెం, చేప, చప్పిడి చారు అని చెప్పాను. ఈ గిన్నె గుర్తుకే రాలేదు.

జిల్లా కార్యాలయానికి రాశాను. పట్టిక వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకీ పంపాను. సభ వద్దన్నాను. తొమీకి విడిగా రాశాను. మీరు చదవొద్దు.

బస్సు వచ్చే రోజు నేనూ వస్తాను.

షుంపెయి


కమిసావా
జులై 2

ప్రియమైన షుంపెయికి,

బస్సు వచ్చిన రోజు నువ్వు సాయంత్రం రైలుకే వెళ్లిపోయావు. తర్వాత సంగతులు నేనే చెప్పాలి.

ఆడవాళ్లెవరూ బస్సు దగ్గరికి రాకపోతే నువ్వు హాలులోకి వెళ్లి, కుర్చీ ఎక్కి, ఆ అద్దం కట్టిన పట్టిక దించి, చొక్కా విప్పి అందరికంటే ముందు బస్సెక్కావు. ఎక్స్‌రేకి ముందు ఇచ్చే తెల్లటి మందు తాగి మొహం చిట్లించుకుని దిగితే హత్సు ఏమందో నీకు వినిపించి ఉండదు. "ప్రొఫెసరుగారికి కాస్త ముల్లంగి ఇవ్వండే, నోరు చప్పబడినట్టుంది!" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తొమీ ఎక్కింది. దాని వెనక హత్సు, ఆ తర్వాత ఊరంతా.

నిన్న బస్సు డాక్టరు ఇంటికొచ్చాడు. తొమీది పుండు అన్నాడు. నేను నమ్మలేదు. మీ అక్కకి కూడా పుండనే చెప్పాం కదా, నువ్వూ నేనూ డాక్టరూ కలిసి. ఎక్స్‌రే ఫిల్మ్ చూపించమని గట్టిగా అడిగాను. కిటికీకి పట్టి వేలితో చూపిస్తూ వివరించాడు, నిజంగా పుండే. మానుతుంది. తొమీకి ఆ మాట చెబితే గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

డాక్టరు వెళ్లలేదు. సంచిలోంచి ఇంకో ఫిల్మ్ తీశాడు. నువ్వు ఫారంలో ఇంటి పెద్ద అన్నచోట నా పేరు రాశావట. పెళ్లాం పిల్లలు లేనివాడివి, ఇంకెవరి పేరు రాస్తావు?

"ఆయనకి పుండని రాయండి మాష్టారూ. ఇంటివాళ్లు అలాగే చెప్తారు. ధైర్యం చెడకుండా ఉంటుంది" అన్నాడు.

సరేనన్నాను. అతను గేటు దాటేదాకా సరేననే అనుకున్నాను. కాగితం తీసి "పుండు" అని రాశాను కూడా. ఆ కాగితం కుంపట్లో వేశాను.

మీ అక్క చివరి నెలలో నన్ను అడిగేది, పుండయితే ఇంత లోపలికి ఎందుకు తొలుస్తోందండీ అని. నేను పుస్తకం వెనక మొహం దాచుకునేవాణ్ని. తను నమ్మినట్టు నటించింది, నేను నమ్మించినట్టు నటించాను. ఒక మాటైనా నిజంగా మాట్లాడుకోకుండా వెళ్లిపోయింది. నీ దగ్గర మళ్లీ ఆ నాటకం నాకు చేతకాదు.

అది పుండు కాదు షుంపెయి. క్యాన్సరు. చిన్నది కాదు, అయితే ఇంకా కడుపు దాటలేదట. వెంటనే కొయ్యాలి. ముప్ఫై ఏళ్లు టోక్యో అన్నం తిన్నా కడుపు కమిసావాలోనే ఉండిపోయింది.

తొమీ రేపు పొద్దుటి రైలుకి నీ దగ్గరికి బయలుదేరుతోంది. ఆపరేషన్ అక్కడా ఇక్కడా అన్నది నువ్వు నిర్ణయించుకో. ఎక్కడైనా నేను వస్తాను. నా మోకాళ్ల గురించి అడక్కు.

నీ మీద నా కోపం తగ్గిందనుకోకు. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, ఉత్తరాల్లో పట్టేవి కావు. అవన్నీ వినడానికైనా నువ్వు బతికుండాలి.

నీ బావ,
గెన్జో