ఎర్ర ఇంటూ మార్కు

నా ఏమోయ్‌కి,

నువ్వు బాగున్నావనుకుంటాను. నేను మాత్రం బాగోలేను. బస్సు దిగి ఒక రోజు కూడా నిండలేదు, ఇప్పటికి తొమ్మిదిసార్లు చేతులు కడుక్కున్నాను. కుళాయిలో వచ్చేవి కూడా ఉప్పునీళ్ళే. కడుక్కున్నట్టో కానట్టో నాకే తెలియడం లేదు.

"సముద్రం పక్కనే, చవకలో పది రోజుల హాయి" అని అచ్చేసిన ఆ కాగితం నీకెక్కడ దొరికిందో కానీ, సముద్రం పక్కనే అన్నది మాత్రం అబద్ధం కాదు. అది గదిలోకే వచ్చేస్తోంది. మంచం మీద ఇసుక, సబ్బు మీద ఇసుక, రాత్రి తిన్న అన్నంలో ఇసుక. దుప్పటి దులిపితే బొటనవేలంత పీత ఒకటి కింద పడి, నేనే దాని గదిలో దూరినట్టు కాసేపు నావైపు చూసి మంచం కిందికి పోయింది. గోడలు చెమ్మకి బొబ్బలెక్కాయి. స్నానాలగది తూముకి జాలీ లేదు. కిటికీ తీస్తే ఎండు చేపల కంపు, మూస్తే దిండు కంపు. ఏది నయమో తేల్చుకోలేక సగం తెరిచి ఉంచాను. ఇప్పుడు రెండూ కలిసి వస్తున్నాయి.

పొద్దున ఒడ్డుకి వెళ్ళాను. తడి బట్టలతో, ఇసుక చేతులతో జనం వేయించిన చేప ముక్కలు తింటున్నారు. ఒకావిడ కింద పడ్డ ముక్కని తీసి, ఉఫ్ అని ఊది, కూతురి నోట్లో పెట్టింది. ఆ పిల్ల నవ్వుతూ నమిలేసింది. వచ్చే ప్రాణం పోయే ప్రాణంగా గదికి చేరాను.

మున్సిపాలిటీలో ముప్పై ఒక్క ఏళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. నేను హోటలు గుమ్మంలో కనబడితే చాలు, వంటవాళ్ళ చేతులు వాటంతటవే కుళాయి కిందికి పోయేవి. పెచ్చు లేచిన కప్పు, తుప్పు పట్టిన పళ్ళెం కనబడితే సంచిలోంచి ఎర్ర రంగు డబ్బా తీసి, అడుగున బ్రష్‌తో ఇంటూ మార్కు వేసేవాణ్ణి. ఆ మార్కు పడ్డ సామాను మళ్ళీ వాడితే ఆ హోటలుకి తాళమే. రిటైరయ్యాక ఆరేళ్ళుగా ఆ డబ్బా మనింట్లోనే ఉందని నీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటివాణ్ణి తెచ్చి ఈ మురికిలో పడేశావు.

ఈ లాడ్జి ఆవిడ చెవి మీద పెన్సిలు పెట్టుకుని వంట చేస్తుంది. కూర కలిపేదీ దాంతోనేనేమోనని నా అనుమానం. ఇరవై మూడు లోపాలు రాసి చిట్టా ఇచ్చాను. ఆవిడ మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివి, నన్ను ఎగాదిగా చూసి, థాంక్సు చెప్పి, సాయంత్రం ఆ కాగితంలోనే ఎవరికో చేపలు పొట్లం కట్టి ఇచ్చింది.

బస్సు ఎక్కించేటప్పుడు నువ్వన్న మాట గుర్తుంది. "ఫోన్ చేయొద్దు, ఉత్తరం రాయండి. ఫోన్లో అయితే మీరు మాట్లాడతారు, నేను ఊఁ కొడతాను. మీ ఉత్తరాలు చూశాక నా నిర్ణయం చెప్తాను" అన్నావు. దేని గురించి నిర్ణయమో చెప్పలేదు. ఈ లాడ్జి గురించే అయితే, నా నిర్ణయం పైన ఉంది.

ఇట్లు,
నీ ఇన్‌స్పెక్టరు


నా ఏమోయ్‌కి,

ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను. తూముకి జాలీ ఇంకా పెట్టలేదు. అది మాత్రం ముందు చెప్పేస్తున్నాను.

చిట్టాకి విలువ ఇవ్వలేదు కదా అని, నిన్న ఆ లాడ్జి ఆవిడ సంతకి వెళ్ళినప్పుడు చెప్పాపెట్టకుండా వంటింట్లో దూరాను. నేననుకున్నట్టే ఉంది. ఈగలు, జిడ్డు, తడి నేల. గోడకి మేకులు కొట్టి కప్పులు తగిలించారు. చివరి మేకు పక్కన, అలమరలో, పిడి విరిగిన ఆకుపచ్చ కప్పు ఒకటి విడిగా బోర్లించి ఉంది. అలవాటు కొద్దీ అడుగు చూశాను. ఎర్ర ఇంటూ మార్కు. ఒక గీత పొడుగు, చివర చిన్న తోక. నా చేతి గీత నాకు తెలియదా. మీ అమ్మ నీకిచ్చిన కప్పు అది. ఇరవై ఏళ్ళు అందులోనే టీ తాగావు. పిడి విరిగి, అంచు పెచ్చు లేచిందని మార్కు వేసి చెత్తబుట్ట పక్కన పెట్టింది నేనే. నువ్వు ఒక్క మాట అనలేదు. ఒప్పుకున్నావనుకున్నాను.

కప్పు చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయి నిలబడి ఉండగా ఆవిడ తిరిగొచ్చింది. "అది అక్కడే పెట్టేయండి అన్నయ్యగారూ. మా వదినది. ఎవరినీ ముట్టుకోనివ్వను" అంది. ఐదేళ్ళ నుంచి ఏటా వస్తుందట ఆ వదిన. నా చిట్టా చదవగానే నేనెవరో ఆవిడకి తెలిసిపోయిందట. ఇక నన్ను అడగనివ్వకుండా తనే ఎనిమిదో నంబరు గది తాళం తీసింది.

మనింట్లో నేను పనికిరాదన్న సామానంతా ఆ గదిలో ఉంది. అతుకుల బొంత, పగిలిన రేడియో, మూల చిట్లిన అద్దం, అన్నిటి మీదా నా మార్కు. పోయిన ఏడాది తీసేయమన్న పేము కుర్చీ కూడా ఉంది. సీటు చిరిగిందని దానికి సీటు మీదే మార్కు వేశాను. ఆ మార్కు ఎందుకో అలుక్కుపోయినట్టు ఉంది, నా మార్కు ఎప్పుడూ అలా ఉండదు. మంచం నిండా ఇసుక. దులపబోతే ఆవిడ ఆపింది. "వదిన దులపనివ్వదు. ఇక్కడికొస్తే ఆవిడ నవ్వుతూనే ఉంటుంది. ఆవిడ నవ్వితే పక్కగదివాళ్ళు కూడా నవ్వుతారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలింటికి వెళ్తున్నానని ఐదేళ్ళు నాతో అబద్ధమాడావని ముందు ఒళ్ళు మండింది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నేను బయటినుంచి వచ్చేసరికి నువ్వు వంటింట్లో మీ చెల్లెలితో ఫోన్లో నవ్వుతున్నావు. పడీ పడీ నవ్వుతున్నావు. ఎన్నేళ్ళయిందో ఆ నవ్వు విని. సంగతేమిటో నేనూ వింటానని గబగబా వచ్చాను. నేను గుమ్మంలోకి రాగానే నవ్వు ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి గుడ్డ తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న పొయ్యిని తుడవడం మొదలుపెట్టావు. ఎందుకు నవ్వావని నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తావోనని భయమేసింది. ఆ రోజు నుంచీ నువ్వు ఏది తుడుస్తున్నా నాకు అదే గుర్తొస్తుంది.

ఇన్నేళ్ళూ తూముల మీదా దుప్పట్ల మీదా పడ్డ అసహ్యమంతా ఆ గదిలో నా మీదే కలిగింది. నువ్వు ఇసుక పక్కలో పడుకోవడానికి ఇంత దూరం వస్తున్నావంటే, నేను తళతళలాడేలా ఉంచిన ఆ ఇల్లు నీకు ఎలా ఉందో తెలుస్తూనే ఉంది.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. ఇల్లు నీకు వదిలేస్తాను. నేను మా తమ్ముడి దగ్గరికి పోతాను. పాపం వాడిల్లు కూడా చాలా మురికి. నీ జవాబు వచ్చేదాకా మాత్రం ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
నీ
(ఇన్‌స్పెక్టరు అని రాయడానికి చెయ్యి రాలేదు)


ఏమండీ,

మీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది అందిన రోజే నా బట్టలు సర్దేసుకున్నాను.

ఆ కప్పు మీ కంట పడాలనే మిమ్మల్ని అక్కడికి పంపాను. ఎవరు వద్దన్నా వంటింట్లో దూరకుండా ఉండే మనిషి కాదు కదా మీరు. అబద్ధాలు చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. ఎదురుగా చెబుదామంటే, నేను నోరు తెరిచేలోపు మీరు నా చీర కుచ్చిళ్ళ మీద మరక చూపిస్తారు. మీరు రాసేవన్నీ చిట్టాలే అయితే ఇక ఈ ఇంట్లో ఉండకూడదని, ఎనిమిదో నంబర్లోనే ఉండిపోవాలని అనుకున్నాను. లాడ్జి ఆవిడ కూడా ఎప్పటినుంచో రమ్మంటోంది, వంటలో సాయం కావాలట. మొదటి ఉత్తరం చదివాక అదే ఖాయం చేసుకున్నాను. ఎండు చేపల కంపు గురించి అంత రాశారు, నేనెలా ఉన్నానని అడగడానికి మాత్రం మీకు కాగితం చాలలేదు.

రెండో ఉత్తరంలో నా నవ్వు గురించి రాశారు. ఏడాదిపాటు మనసులో పెట్టుకున్నారా. అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. మీరు భయపడాల్సిందేమీ లేదు. ఆ పొద్దున పేము కుర్చీ సీటు మీద ఎర్ర రంగుతో మార్కు వేశారు. వేసి, మరిచిపోయి, పేపరు తీసుకుని అదే కుర్చీలో కూర్చున్నారు. తర్వాత తెల్ల పంట్లాం వెనకాల ఎర్ర ఇంటూ మార్కుతో బజారంతా తిరిగి, కూరలవాడికి చేతులు కడుక్కోమని చెప్పి మరీ వచ్చారు. అది చూసిన పక్కింటావిడ నాకు చెప్పింది, నేను చెల్లెలికి చెప్తున్నాను. మీరు వచ్చి నిలబడితే, ఇంకా నవ్వితే మీరు నొచ్చుకుంటారని పొయ్యి తుడిచాను. ఆ పంట్లాం పాతబడి చిరిగితే పారేశాననుకుంటున్నారు మీరు. ఎనిమిదో నంబర్లో ట్రంకుపెట్టె అడుగున చూడండి. ఆ మార్కు పడ్డవేవీ నేను ఇంతవరకు పారేయలేదు, ఏటా బస్సు మీద వేయించి అక్కడికే చేర్చాను.

ఇల్లు నాకు వదిలేస్తానన్నారు. అది కూడా నన్నడగకుండా మీరే తేల్చేశారు. ఈ ఇల్లు నేనొక్కదాన్నీ ఏం చేసుకోను. తాళం వేసి గురువారం బస్సుకి వస్తున్నాను, పెట్టెతోనే. వచ్చాక ఎన్నాళ్ళు ఉంటానో, ఇద్దరం తిరిగి వెళ్తామో లేదో నాకింకా తెలియదు. మీ తమ్ముడి దగ్గరికి పోవాలనుంటే ఈలోపు పొండి, నేనేమీ అనుకోను.

ఉంటే మాత్రం, నేను బస్సు దిగేసరికి లాడ్జి మెట్ల మీద కూర్చుని ఆ ఆకుపచ్చ కప్పులో టీ తాగుతూ కనబడాలి. కడుక్కుని తాగినా ఫరవాలేదు. అంతవరకు ఒప్పుకుంటాను.

మీ
ఏమోయ్