ఉత్తి మిషను చప్పుడు

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ నేనూ, పిల్లా, అత్తయ్యా కులాసా. కులాసా అంటే జబ్బులేమీ లేవని, అంతకుమించి అడగకండి. అక్కడ పని బాగుందని రాశారు, సంతోషం.

"కరువు రాలేదు, వరద రాలేదు, మన ఊరి మిల్లు ఎందుకు మూతపడినట్టు? ఈ గడ్డుకాలం ఎప్పుడు పోతుంది?" అని అడిగారు. పెద్ద మాటలు నాకు తెలియవు, మన వీధిలో చూసింది చెబుతాను. ఎక్కడో బ్యాంకు మునిగిందన్నారు. రేపెలా ఉంటుందోనని ఉన్నవాళ్లూ లేనివాళ్లూ గుప్పిట బిగించారు. బట్ట కొనేవాడు లేక మిల్లు ఆగింది. మిల్లు ఆగాక మనింటి ఎదురుగా ఉన్న టీకొట్టు అన్నయ్య కొత్త చొక్కా మానుకున్నాడు. కుట్టుపని పోయిందని నేను టీ మానేశాను. ఇక రోడ్డుకి అటొకరం ఇటొకరం కూర్చుని మొహాలు చూసుకోవడమే.

మిల్లు కూత లేకపోయినా, షిఫ్టు వేళకి అందరికీ మెలకువ వచ్చేస్తోంది. గుమ్మాల్లోకి వచ్చి నిలబడతారు. ఎవరూ మాట్లాడరు. కాసేపటికి లోపలికి పోతారు. చూస్తే భయమేస్తోందండీ, మనుషులుండగానే శ్మశానంలా ఉంది.

కుట్టుమిషను పని బాగా సాగుతోందని పోయినసారి రాశాను కదా. అబద్ధం. ఆ నిశ్శబ్దం భరించలేక, దారం లేకుండా, గుడ్డ లేకుండా ఉత్తి మిషను తొక్కుతున్నాను. "పిచ్చి పట్టిందా తల్లీ?" అంది అత్తయ్య. పట్టిందేమో! కానీ ఆ చప్పుడుకి టీకొట్టు అన్నయ్య పొయ్యి వెలిగించాడు. ఆ పొగ చూసి చెప్పులు కుట్టే తాత సంచి విప్పాడు. నాకు పని దొరికిందనుకున్నారు కాబోలు. గుట్టు బయటపడితే వీధి మళ్లీ ముడుచుకుపోతుంది, ఈసారి నా మూలాన.

నిన్న అన్నయ్య చొక్కా గుడ్డ పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేశాడు. ఖాళీ సూది చూశాడు. చెయ్యి అడ్డం పెట్టబోయాను.

"నా పొయ్యి మీదా ఉత్తి నీళ్లే మరుగుతున్నాయిలే చెల్లెమ్మా" అన్నాడు. "ఎవరో ఒకరు ముందు కదలాలిగా. కొలతలు తీసుకో. చొక్కా అయ్యేదాకా మీ ఇంటికి టీ నాది."

దారం ఎక్కించాను. గుడ్డ పడగానే మిషను చప్పుడు బరువెక్కింది. తలెత్తి చూస్తే వీధంతా గుమ్మాల్లో ఉంది. అందరూ మిల్లు మనుషులే, ఆ తేడా తెలియదూ? ఇన్నాళ్లూ ఉత్తిదని తెలిసీ నోరెత్తలేదు, మహానుభావులు! చాలాసేపు ఎవరూ లోపలికి పోలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. పని బాగుందని మూడు ఉత్తరాల్లోనూ అదే మాట రాశారు. అందులో దారం ఉందా? లేకపోతే వచ్చేయండి.

ఇట్లు,
ఎదురుచూస్తున్న మీ ఇంటిది