ట్రేలో చూపించినది

మంగళవారం, రాత్రి

అన్నం పళ్లెం పక్కన పెట్టేసి ఇది రాస్తున్నాను. ఇంకా కంపరంగానే ఉంది.

పొద్దున థియేటర్లోకి తీసుకెళ్తుంటే రేవతి నా చెయ్యి పట్టుకుని, "నాకేం చేస్తారు సిస్టర్?" అని అడిగింది. సత్యవేడు పక్క పల్లెలో కూలికి పోయే మనిషి. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ అందుకుంది. "నీకెందుకుమ్మా అవన్నీ? మీ ఇంటాయనకి చెప్పినాం, సరే అన్నాడు."

గర్భసంచి తీసేశారు. మా దగ్గర అలవాటు, తీసినదాన్ని ట్రేలో పెట్టి బయటున్న వాళ్లకు చూపించాలి. మోసుకెళ్లింది నేనే. మొగుడు చూశాడు, అత్త చూసింది, మరిది తొంగి చూశాడు. మొగుడైతే ఫోటో కూడా తీసుకున్నాడు. ఛీ! ఏం తీసేశారో ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

"ఆమెకి ఎవరు చెప్తారు మేడమ్?" అని సాయంత్రం అడిగాను.

"వాళ్లాయన చెప్పుకుంటాడులే. నీ పని నువ్వు చూసుకో."

వార్డుకి వెళ్తే రేవతి నన్ను చూసి నవ్వింది. "గడ్డ తీసేసినారంట కదా సిస్టర్? ఇంగ రెండో బిడ్డకి ఎన్నాళ్లు ఆగాల?"

నేను ఆమె మొగుడి కోసం చూశాను. వార్డు గుమ్మంలో నిలబడి ఎవరికో ఆ ఫోటో చూపిస్తున్నాడు.