ట్రే పట్టుకున్న వెయిటర్

నవంబర్ 14, బర్నబీ, కెనడా

సినిమా క్లాసులో ఒక పాత హాలీవుడ్ నటుడి గురించి చెప్పారు. కెరీరంతా వెయిటర్ వేషాలే. పేరు తెలిసినవాళ్లు తక్కువ, ముఖం తెలియనివాళ్లు లేరట.

వేసవిలో నేనూ, రూమ్మేట్ కిరణూ ఒక సిరీస్‌లో వెయిటర్లుగా ట్రేలు పట్టుకుని నిలబడ్డాం. ఆ సిరీస్ ఇప్పుడు విడుదలైంది. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

"నీ వీపే కనిపించిందిరా. అయినా గుర్తుపట్టేశా. అచ్చం మీ నాన్నలాగే నిలబడ్డావు. పక్కింటి ఆంటీకి కూడా చూపించా."

ఆ వీపు కిరణ్‌ది. నేనున్న సీను ఎడిటింగ్‌లో పోయింది. "అవునమ్మా" అన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి కిరణ్ కూడా ఆ మాట విన్నాడు.

ఇందాక లైటు ఆర్పబోతుంటే అడిగాడు. "మీ అమ్మ నా గురించి ఇంకేమైనా అందా?"