ఎడమచేతి నబోర్

వహాకా,
ఆదివారం.

చిరంజీవి ఎర్మెలిందాను మనసారా ముద్దాడి అమ్మ రాయునది. గ్వాదలూపె తల్లి దయవల్ల నేనూ మీ నాన్నా లేచి తిరుగుతున్నాము. నీ దగ్గు తగ్గిందా? రాత్రిపూట తలుపు గడియ వేసుకుంటున్నావా? పోస్టును నమ్మలేక ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అతను తాగకుండా ఉంటే పండుగలోపు నీకు చేరుతుంది.

మీ నాన్న బొమ్మలు ఎలా వచ్చాయని అడిగావు. పోయినవాళ్ళ పండుగకు ఎప్పటిలాగే ఊళ్ళో బతికున్నవాళ్ళను అస్థిపంజరాలుగా చెక్కమీద చెక్కి, కాగితాలపై అచ్చు వేశారు. పెళ్ళి విందులో రెండో పళ్ళెం దాచుకునే గుమాస్తా, ఫోన్ చూసుకుంటూ పాపాలు వినే ఫాదరు, అందరూ ఉన్నారు. రొట్టెలమ్మే చోలె తన బొమ్మ చూసుకుని మీ నాన్నతో పోట్లాటకు వచ్చింది.

"ఏమయ్యా ఫిదెన్సియో, నా పొట్ట ఏదీ?"

"ఎముకలకు పొట్టెక్కడిదమ్మా! నీ నోరు మాత్రం ఉంచాను, చూసుకో."

పడీపడీ నవ్వి, కాగితం మూల చూసి ఆగిపోయింది. "మీ నబోర్ ఏడీ?"

మీ అన్న అచ్చులు అమ్మడానికి వెళ్ళి తిరిగి రాకపోయినా, ఏటా ఆ మూల గిటారుతో వాడి బొమ్మ ఉండేది కదా. వెక్కిరించేది బతికున్నవాళ్ళనే. పోయినవాళ్ళకు దీపాలూ పూలూ పెడతాము గాని ఎగతాళి చేయము. ఈసారి ఆ మూల చెక్కకుండా నల్లగా వదిలేశారు. అడిగితే, "చెయ్యి రావట్లేదే" అన్నారు.

నువ్వడిగిన ఇంకో మాటకు జవాబు రాయకుండా ఇంతసేపూ తప్పించుకున్నాను. "ఈసారి అన్న ఫోటో దీపాల దగ్గర పెట్టనా అమ్మా" అన్నావు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. మీ నాన్న సంతకు వెళ్ళినప్పుడు ఉలి తీసుకుని ఆ మూల నేనే చెక్కాను. పుర్రెకు చెవులుండవని తెలిసీ వాడి పెద్ద చెవులు పెట్టాను. ఎడమచేతివాడు కదా, ఎడమచేత్తోనే తీగలు మీటించాను. సిరా పూసి అచ్చు తీస్తే కుడిచేత్తో వాయిస్తున్నాడు. చెక్కమీద ఎడమ కాగితం మీద కుడి అవుతుందని, అచ్చులు వేసే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, మరిచిపోయాను.

మీ నాన్న వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి చూశారు.

"చెవులు మనవాడివేనే. చెయ్యి మనవాడిది కాదు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టెలోంచి వాడి ఫోటో తీసి, తుడిచి, బంతిపూల మధ్య పెట్టారు. నేను అడ్డుపడలేదు.

నువ్వూ పెట్టు తల్లీ. గాలికి దీపం పరదాకు అంటుకోకుండా చూసుకో. కప్పులో చాక్లెట్ పాలు పోసి, ఆ రాత్రి వాడొస్తే అందేలా వాడి ఎడమచేతివైపు పెట్టు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
యుఫ్రాసియా