సర్పంచ్ గడప

నర్సిమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకి ఐదేళ్లు. మన సందులో వీధిదీపం ఆరిపోయి వారమైంది. కార్పొరేషన్ వాళ్లు యాప్‌లో ఫిర్యాదు పెట్టమన్నారు, పెట్టాను. ధన్యవాదాలు అని వచ్చింది. పొద్దుగూకితే నేను చాయ్‌కి కూడా గడప దాటడం లేదు.

మా పై పోర్షన్‌లో పియేర్ అనే ఫ్రాన్సు కుర్రవాడు కిరాయికి దిగాడు. మిర్చిబజ్జీ తింటూ ఏడుస్తాడు, ఏడుస్తూ ఇంకోటి అడుగుతాడు, అది వేరే కథ. వాళ్లది మన బోనాల ఊరేగింపులో సగం జనం కూడా లేని పల్లెటూరట. అయినా దానికో మేయరమ్మ ఉందట. పొద్దున ఆవుల పాలు పితికి, చేతులు కడుక్కుని, ఆఫీసు తెరిచి పెళ్లిళ్లు చేస్తుందట. వీధిదీపం పోతే అందరూ ఆమె తలుపే కొడతారట. మన ఊరు సిటీలో కలవకముందు, నువ్వు సర్పంచ్‌గా ఉన్నప్పుడు నిన్నూ అన్నం ముందునుంచి లేపేవాళ్లం. తిట్టుకుంటూనే నిచ్చెన భుజానికెత్తుకునేవాడివి.

"మరి మీ మేయర్ ఇల్లెక్కడ? వెళ్లి చెబుదాం" అన్నాడు పియేర్ తన ఇంగ్లీషులో.

నవ్వి ఊరుకోవలసింది. కాళ్లు మాత్రం అలవాటుగా నీ ఇంటికే నడిచాయి, వెనకాలే పియేర్. అక్కడ ఇప్పుడు అద్దాల టవర్, దాని ముందు గేటు.

"ఎవరు కావాలె, తాతా?" అన్నాడు సెక్యూరిటీ అతను.

"సర్పంచ్" అనేశాను.

పాపం, ఫోన్ తీసి అక్కడ ఉండేవాళ్ల పేర్లలో వెతికాడు. "గా పేరుతోని ఎవ్వరు లేరే. ఏ ఫ్లోర్ల ఉంటడు?"

తలెత్తి చూశాను. అన్ని ఫ్లోర్లలోనూ లైట్లు వెలుగుతున్నాయి. మన సందులోకి పియేర్ సెల్‌ఫోన్ వెలుతురులో తిరిగివచ్చాం.